కలియుగ భీముడు కోడి రామమూర్తినాయుడుగారు

కోడి రామమూర్తినాయుడుగారి పేరు వినని తెలుగువారు అరుదు. ఉక్కు గొలుసులను త్రెంచినవాడనియు, రెండు మోటారుకార్లను కదలనీయక నిలిపినవాడనియు, ఱొమ్ముపై ఏనుగును మోసినవాడనియు ఆయనను గూర్చి తాతలు మనుమలకు చెప్పుచు వచ్చిరి. వినువారు ఆ బలము పుట్టుకతోనే వచ్చినదని తలంతురు. భీమసేనుడు వాయుపుత్రుడు గనుక బలవంతుడయ్యెను, ఈయన కలియుగ భీముడు గనుక ఈయనయు అట్లే యని సరిపెట్టుకొందురు. ఆయన జీవితమును కొంచెము నిదానముగా పరిశీలించినచో విషయము వేఱుగా కనబడును.

నాయుడుగారు 1880 దశాబ్దమున వీరఘట్టములో జన్మించిరి. చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండిన ఆ గ్రామము నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. తండ్రి వెంకన్ననాయుడుగారు. బాల్యముననే తల్లిని కోల్పోయిన ఆ పిల్లవాడు విజయనగరమున పినతండ్రి నారాయణస్వామినాయుడుగారి ఇంట పెరిగెను. చదువుకంటె సాముగరిడీలపై మక్కువ మెండు. పినతండ్రి పోలీసు ఉద్యోగి. పిల్లవాని మనసెఱిగి వ్యాయామశాలకు పంపుట ఆయన చేసిన పుణ్యకార్యము.

తాలీంఖానాలో మొదటి దినముననే ఎవ్వడును పెద్ద రాతిగుండు నెత్తడు. గురువు ఎత్తనీయడు. క్రొత్తగా చేరినవానికి కొన్ని దండీలు, కొన్ని బస్కీలు మాత్రమే విధించును. అవి ఆయాసము లేక సాగిన పిమ్మట మఱికొన్ని చేర్చును. ఇది మన దేశపు మల్లులకే తెలిసిన రహస్యము కాదు. యవనదేశమున మైలో అను మల్లుడొకడు ఒక లేగదూడను అనుదినము భుజమున మోయుచు, అది ఎద్దగువఱకు మానలేదని ఆ దేశపు కథ. దూడ పెరిగిన కొలది వాని భుజబలమును పెరిగినది. కథ యెంతవఱకు నిజమో యెటులున్నను, అందలి క్రమము నిజము.

రామమూర్తినాయుడుగారి విషయమున ఈ క్రమము లెక్కలలోనే కనబడుచున్నది. 21 ఏండ్ల వయస్సున ఆయన ఱొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువు నిలుపుకొనెడివారని ఆయన చరిత్ర చెప్పుచున్నది. అనగా నూరు కిలోల బియ్యపు బస్తాలు పదునైదు. అది సామాన్యమా! తరువాతి కాలమున ఆ బరువు మూడు టన్నులైనది. పుట్టుకతో వచ్చిన బలమైనచో ఆ రెండవ ఒకటిన్నర టన్ను ఎక్కడినుండి వచ్చినది?

చెన్నపట్టణపు సైదాపేట కళాశాలలో ఆయన ఒక సంవత్సరము వ్యాయామశిక్షణ పొంది, తిరిగి విజయనగరము చేరి, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. చరిత్ర వ్రాయువారు ఈ ఉద్యోగమును ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. బహుకాలము బడిపిల్లల నడుమ గడపిన నాకు ఇదియే ముఖ్యమైన ఘట్టముగా తోచుచున్నది. తరగతిలో దృఢకాయులు నలుగురుందురు, బక్కపలుచని పిల్లలు నలువదిమంది యుందురు. వారిచేత అక్షరమైనను, దండీయైనను మొదటి మెట్టునుండియే చేయింపవలెను.

మన వైద్యశాస్త్రము ఈ మెట్టుకు కొలత కూడ చెప్పినది. మనుజుడు తన శక్తిలో సగమువఱకే వ్యాయామము చేయవలెనని సుశ్రుత వాగ్భటులు విధించిరి. సగమైనదని తెలియుట యెట్లు? ఊపిరి ముక్కున చాలక నోటికి వచ్చుటయు, నుదుటను చంకలను చెమట పొడముటయు గుర్తులు. మితి మీరినవానిని ఏనుగును ఈడ్వబోయి నశించు సింహముతో వాగ్భటాచార్యులు పోల్చిరి. ఏనుగునే ఱొమ్మున నిలిపిన నాయుడుగారి కథలో ఈ ఉపమానము స్ఫురించుట వింతగానున్నది. కాని ఆయన ఏనుగువద్దకు పోవునాటికి ఆయన సగము శక్తియే ఎంతో పెరిగియుండెను గదా.

అటుపిమ్మట ఆయన సర్కసు సంస్థను నెలకొల్పి దేశమెల్ల సంచరించెను. గట్టిగా ఊపిరి పూరించి, ఒంటికి చుట్టిన గొలుసులను తుత్తునియలు చేయుట చూచి జనులు నివ్వెఱపోయిరి. మాంసాహారమున గాని బలము రాదని వాదించువారికి శాకాహారియైన ఆయన శరీరమే సమాధానమయ్యెను. లండను నగరమున ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట బలప్రదర్శనము చేసెననియు, ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదు పొందెననియు ప్రసిద్ధి. బిరుదులు మఱికొన్నియు కలవు. వాని పట్టిక యిచట అనవసరము.

ఆయన కథ యాత్రికుల కొఱకు వ్రాయుటకు కారణము కలదు. పేరులోనే కొండ గల మా గగన్‌పహాడ్ నుండియు, శంషాబాదు పరిసరములనుండియు ఏటేట ఎందఱో తిరుమలకు మ్రొక్కు చెల్లింప పోవుదురు. అలిపిరి మార్గమున మెట్లు 3,550. సంవత్సరమంతయు వీథిచివఱి దుకాణమునకు సైతము బండిమీద పోయినవారు, ఆ ఒక్క దినమున గోవిందనామముతో పరుగున మెట్లెక్కబూనుదురు. గాలిగోపురమునకు ముందే గుండె దడదడలాడును, మోకాళ్ళు పట్టుకొనును. భక్తి కొఱవడి కాదు, కాళ్ళకు అలవాటు లేక. కండలు కొన్ని వారములలో బలపడును. కీళ్ళను బిగించు స్నాయువులకు అంతకంటె ఎక్కువ కాలము కావలెను. అందుచేత మ్రొక్కుకొన్న నాడే నడక మొదలిడవలెను. మొదట అర్ధగంట సమతలమున నడిచిన చాలును. వారమువారమునకు కొంచెము పెంచి, పిదప మెట్లు చేర్చి, వారమున కొక దినము విశ్రాంతి నీయవలెను. నడుమ కొన్ని వారములు మానినచో సంపాదించిన దానిలో చాలభాగము కరిగిపోవును.

బాలురకును, వృద్ధులకును, అజీర్ణరోగులకును వాగ్భటులు వ్యాయామమును నిషేధించిరి. అరువది దాటినవారు, గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు కాలినడకన కొండ ఎక్కవలదని తిరుమల తిరుపతి దేవస్థానమువారును హెచ్చరించియున్నారు. నాబోటివాండ్రకు ఇది రుచింపదు. అయినను బస్సులో పోయినవారికి స్వామి ముఖము చాటుచేయడు. వైద్యుని సలహాతో తోటలో నాలుగడుగులు నడచుటకు మాకును అడ్డు లేదు.

నాయుడుగారి కడపటి దినములు కష్టముతో గడచినవి. కాలికి లేచిన వ్రణము ముదిరి, తుదకు ఆ కాలినే తొలగింపవలసివచ్చెను. వేలకొలది బస్కీలు తీసిన కాలు! శస్త్రచికిత్సకు మత్తుమందు కూడ పుచ్చుకొనలేదని చెప్పుదురు. అనంతరము ఒరిస్సాలోని బలంగీరున నివసించుచు, 1942వ సంవత్సరము జనవరి మాసమున అచటనే కీర్తిశేషులైరి. శ్రీకాకుళములోని క్రీడాప్రాంగణము నేడు ఆయన పేర వెలయుచున్నది.