కడుపులోని బిడ్డ, చేతిలోని ఓటు

గర్భస్రావం విషయంలో తన విశ్వాసాన్ని బట్టి క్రైస్తవుడు ఎవరికి ఓటు వేయాలి? అమెరికా సంఘాల్లో ప్రతి ఎన్నికకూ లేచే ఈ ప్రశ్నకు ఫ్యానీ లూ హేమర్ జీవితం వెలుగునిస్తుందని మేము నమ్ముతున్నాం.

1917లో మిసిసిపీ రాష్ట్రంలో, పత్తి చేలల్లో పాలికి పనిచేసే నల్లజాతి కుటుంబంలో 20వ సంతానంగా ఆమె పుట్టారు. 1961లో కణితి తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే, అడగకుండానే గర్భసంచి తీసేశారు. అక్కాచెల్లెళ్లూ తల్లులూ అనుభవించే భాగ్యం ఆమెకు దక్కలేదు. దత్తత బిడ్డలను పెంచుకున్నారు. 1962లో ఓటరుగా నమోదు కావడానికి వెళ్లినందుకు, 18 ఏళ్లు పనిచేసిన తోట నుంచి ఆ రోజే వెళ్లగొట్టారు. 1963లో వైనోనా జైలులో పడ్డ దెబ్బలు ఆమెను జీవితాంతం బాధించాయి. అయినా దేవుని పాటలు పాడుతూ ప్రజలను ఓటుకు నడిపించారు.

గర్భస్రావాన్ని ఆమె బాహాటంగా వ్యతిరేకించారు. 1971లో జాతీయ మహిళా రాజకీయ వేదికను స్థాపించినవారిలో ఆమె ఒకరు. తోటివారిలో అనేకులు గర్భస్రావ హక్కు కోరినా ఆమె మాట మార్చలేదు. వారిని విడిచీ వెళ్లలేదు. ఆకలిగొన్న కుటుంబాల కోసం 1969లో సహకార వ్యవసాయ క్షేత్రం ప్రారంభించి, కూరగాయలు పండించి, పెంచుకోవడానికి పందులను ఇచ్చారు. 1977లో ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, కడుపులోని బిడ్డ గురించి అభ్యర్థిని తప్పక అడుగుదాం. ఆ బిడ్డ తినబోయే అన్నం గురించీ, తల్లికి అందే వైద్యం గురించీ అదే గట్టి స్వరంతో అడుగుదాం. ప్రాణం దేవునిదని ఒప్పుకున్న మనకు ఇందులో ఏ ప్రశ్ననూ వదిలే స్వేచ్ఛ లేదు.