అమానతును అప్పుగా మార్చిన జుబైర్ (రజి)

దైవప్రవక్త (స) మేనత్త కుమారుడు హజ్రత్ జుబైర్ (రజి) వీరత్వం మనమంతా ఎరిగినదే. ప్రజల సొమ్ముకు ఆయన ఎలా పూచీ పడ్డారో నేడు తెలుసుకుందాం.

ఎవరైనా సొమ్ము దాచమని తెస్తే ఆయన అమానతుగా ఉంచుకునేవారు కాదు, అప్పుగా తీసుకునేవారు. దాచినవారి తప్పు లేకుండా అమానతు పోతే తిరిగి ఇవ్వనక్కరలేదు. అప్పు మాత్రం తీర్చి తీరాలి. అలా నష్టభయాన్ని తన నెత్తిన వేసుకున్నారు.

హిజ్రీ 36 (క్రీ.శ. 656)లో ఆయన షహీదయ్యేనాటికి ఆ అప్పు 22 లక్షలు! ఇంట నగదు లేదు, భూములే ఉన్నాయి. కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) భూమి అమ్మి బాకీలు తీర్చారు. ఇంకెవరైనా మిగిలారేమోనని నాలుగేళ్లు హజ్‌లో చాటించాకే వారసులకు ఆస్తి పంచారు.

మన దేశంలో 2020 నుంచి బ్యాంకు డిపాజిట్ల బీమా 5 లక్షల వరకే. జుబైర్ (రజి) పూచీకి హద్దు లేదు. ఇతరుల సొమ్ము మన చేతికొచ్చినప్పుడు ఆ నాలుగేళ్ల చాటింపును తలచుకుందాం.