నీడను నిర్మించిన వాస్తుశిల్పి లూయీ కాన్

మండు వేసవిలో వసతిగృహపు పై అంతస్తు గదిలో పరీక్షలకు చదివినవారికి మేము చెప్పబోయే విషయం కొత్తగా తోచదు. పగలంతా ఎండను త్రాగిన కాంక్రీటు కప్పు అర్ధరాత్రి దాటే వరకు సెగలు క్రక్కుతూనే ఉంటుంది. మేము విద్యార్థులుగా ఉన్న కాలంలో, ఒకానొక వసతిగృహంలో, సాయంత్రం కాగానే బక్కెట్లతో నీళ్ళు మోసి డాబా మీద కుమ్మరించేవాళ్ళం. ఆపైన పుస్తకాలు పట్టుకొని మెట్ల మీద చేరేవాళ్ళం. గదులు మా కోసమే కట్టినవైనా మా చదువు సాగింది మాత్రం మెట్ల మీదనే, ఎందుకంటే అక్కడ గాలి ఆడేది, తోడుగా నలుగురు ఉండేవారు. అటువంటి మెట్లను కూడా లెక్కలోకి తీసుకొని విద్యార్థులకు నివాసాలు నిర్మించిన మహాశిల్పి ఒకరున్నారని మాకు చాలా ఏండ్ల తరువాత గాని తెలియలేదు. మన కళాశాల వసతిగృహం విషయమై కమిటీ పెద్దలు ఆలోచన సాగిస్తున్న ఈ తరుణంలో ఆయన జీవితాన్ని పాఠకుల ముందుంచడం ఉచితమని భావిస్తున్నాము.

లూయీ కాన్ 1901లో, నాడు రష్యా సామ్రాజ్యంలో భాగమైన ఎస్టోనియాలో, ఒక నిరుపేద యూదు కుటుంబంలో జన్మించారు. మూడేండ్ల ప్రాయంలో పొయ్యిలోని నిప్పుల వెలుగుకు ముచ్చటపడి దగ్గరకు తీసుకోబోయి ఒళ్ళు కాల్చుకొన్నారు. ఆ మచ్చలు ముఖం మీద జీవితాంతం నిలిచిపోయాయి. 1906లో కుటుంబం అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం చేరింది. అక్కడా దారిద్ర్యం వెన్నంటే ఉన్నది. మూగ చలనచిత్రాలు ఆడే థియేటర్లలో పియానో వాయించి ఆ బాలుడు ఇంటికి నాలుగు డబ్బులు తెచ్చేవాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వాస్తుకళ అభ్యసించి 1924లో పట్టభద్రుడయ్యారు. కాని వెనువెంటనే కీర్తి రాలేదు. 1930 దశకపు ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయింది. పని లేని తోటి శిల్పులను కూడగట్టుకొని పేదల గృహవసతిని గురించి అధ్యయనం చేస్తూ కాలం గడిపారు. 1947 నుండి యేల్ విశ్వవిద్యాలయంలో బోధించారు. 1950-51లో రోములో ఉండి, గ్రీసు, ఈజిప్టు దేశాలు తిరిగి, శిథిలాలలో సైతం గంభీరంగా నిలిచిన ప్రాచీన కట్టడాలను బొమ్మలుగా గీసుకొన్నారు. ఆయనకు పేరు తెచ్చిన మొదటి భవనం, యేల్ కళాప్రదర్శనశాల, 1953లో పూర్తి అయ్యేనాటికి ఆయన వయస్సు యాభై దాటింది. ఇరవై ఏండ్లకే నిరాశపడే మన మిత్రులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే బాగుంటుంది.

ఎండను గురించి ఆయనకు కనువిప్పు కలిగినది ఆఫ్రికా ఖండంలో. అంగోలా దేశపు లువాండా నగరంలో అమెరికా కాన్సులేటు భవనానికి నమూనా తయారుచేయవలసిందిగా పిలుపు రాగా, 1960లో ఆయన అక్కడికి వెళ్ళారు. ఆ దేశం నాడు పోర్చుగీసు పాలనలో ఉండేది. అక్కడ జనులు ఎండ తాకిడికి వెన్ను చూపి, వీధి వైపు గాక గోడ వైపు తిరిగి పని చేసుకోవడం ఆయన గమనించారు. ఆకాశం నుండి సూటిగా పడే వెలుగు కండ్లను బాధిస్తుంది. గోడ మీద పడి తిరిగివచ్చిన వెలుగు చల్లబడి ఉంటుంది. ఇది చూచి ఆయన రెండు నిర్ణయాలకు వచ్చారు. మొదటిది, కిటికీకి ఎదురుగా కొంత ఎడం విడిచి, పెద్ద రంధ్రం గల మరొక గోడ నిలబెట్టాలి. ఎండ ఆ వెలుపలి గోడ దగ్గరనే ఆగిపోవాలి. రెండవది, వానను ఆపే కప్పు వేరు, ఎండను ఆపే కప్పు వేరు. రెంటి నడుమ గాలి పారాలి. ఆ భవనం మాత్రం కాగితం మీదనే ఉండిపోయింది. అయినా ఆ ఆలోచన వృథా పోలేదు. మరి రెండేండ్లకు అది మన దేశం చేరింది.

అహమ్మదాబాదులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు 1961లో స్థాపితమైనది. భవన నిర్మాణానికి లూయీ కాన్‌ను పిలిపించమని సలహా ఇచ్చినవారు ఆ నగరపు యువ వాస్తుశిల్పి బాలకృష్ణ దోషీ. విక్రం సారాభాయ్, కస్తూరిభాయ్ లాల్‌భాయ్ వంటి పెద్దలు అందుకు అండగా నిలిచారు. కాన్ 1962లో పని చేపట్టి, కన్నుమూసే వరకు పన్నెండేండ్ల పాటు ఆ నగరానికి వస్తూ పోతూనే ఉన్నారు.

అక్కడ ఆయన కట్టిన పదునెనిమిది డార్మిటరీలే మా వ్యాసానికి ముఖ్యవిషయం. మనకు తెలిసిన వసతిగృహం ఎట్లుంటుంది? పొడవాటి నడవ, దానికి ఇరువైపుల గదులు, గదికొక తలుపు, ఒక కిటికీ. ఇటు గది తలుపు తెరిచినా అటు గది తలుపు మూసి ఉంటే గాలి కదలదు. కాన్ ఆ నడవనే తీసివేశారు. ఒక్కొక్క ఇంటిలో పై రెండు అంతస్తులలో అంతస్తుకు పది చొప్పున ఇరవై గదులు పెట్టి, వాటిని మెట్లచుట్టూ, తేనీరు త్రాగే ఒక ఉమ్మడి గదిచుట్టూ అమర్చారు. తరగతిలో సగంలో ఆగిన చర్చ రాత్రి అక్కడ తిరిగి సాగవచ్చు. ఎవరూ పిలువనక్కరలేదు, ఎవరూ హాజరు వేయరు. మేము మెట్ల మీద చదువుకొన్న సంగతి మొదటనే చెప్పాము గదా! మాకు దిక్కులేక దొరికినది అక్కడ నిర్మాణంలోనే భాగమైనది.

ఇంకొక విశేషం. మెట్లను, స్నానపు గదులను ఎండకు, వెలుగు తాకిడికి అడ్డంగా ఉండేటట్లు అమర్చి, విద్యార్థి గదిని వాటి చాటున ఉంచారు. మనిషి కాసేపు మాత్రమే ఉండే చోటు ఎండను భరిస్తే, గంటల తరబడి కూర్చొనే చోటు నీడపట్టున ఉంటుంది. అట్లని గాలికి అడ్డు లేదు. భవనాలన్నింటినీ వీచే గాలికి అభిముఖంగా తిప్పి నిలిపారు. బయటి గోడలలో నిండు జాబిల్లి వంటి గుండ్రని రంధ్రాలు, పెద్ద పెద్ద కమానులు ఉన్నాయి. వాటి వెనుక లోతైన వసారాలు. లువాండాలో తోచిన రెండవ గోడ ఇక్కడ ఇటుకలలో రూపు దాల్చింది. హైదరాబాదు పాత దేవిడీలలో దాలానులో కూర్చొని మధ్యాహ్నం గడిపినవారికి ఈ సుఖం వివరించనవసరం లేదు.

ఇటుకను ఎన్నుకోవడం కూడా యోచించి చేసినదే. అది స్థానికంగా దొరికేది, అక్కడి మేస్త్రీల చేతికి అలవాటైనది. మందమైన ఇటుక గోడ పగటి వేడిని వెంటనే లోపలికి పంపదు. రాత్రి గాలి ఆడితే ఆ వేడి తగ్గుతుంది. అయితే ఇది పొడి ఎండలున్న సీమకు తగిన పద్ధతి. తెలంగాణ, రాయలసీమలకు సరిపోవచ్చు. ఉక్కపోసే మచిలీపట్నంలో గోడ మందం కంటె గాలికే ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంటుంది. అంతేగాక 2016 మే 20వ తేదీన అహమ్మదాబాదులో 48 డిగ్రీల ఎండ కాచింది. అట్టి దినాన ఏ వసారా అయినా ఒంటరిగా మనిషిని కాపాడుతుందని మేము అనము.

అదే 1962లో ఆయనకు ఢాకా నగరపు శాసనసభా సౌధం పని కూడా అప్పగింపబడింది. అందులో ప్రార్థనామందిరాన్ని భవనం వరుసకు భిన్నంగా, ఖిబ్లా దిశకు సరిగా ఉండేటట్లు కొద్దిగా ప్రక్కకు త్రిప్పి నిర్మించారు. 1971 యుద్ధకాలంలో ఆగిన పని 1982లో పూర్తి అయినది. 1989లో ఆగాఖాన్ వాస్తుకళా పురస్కారం దానిని వరించింది. చూడడానికి శిల్పి లేరు.

1974 మార్చి 17న, అహమ్మదాబాదు నుండి తిరిగి వెళ్తూ, న్యూయార్కు పెన్సిల్వేనియా రైల్వే స్టేషనులో గుండెపోటుతో ఆయన మరణించారు. పాసుపోర్టులో చిరునామా కొట్టివేసి ఉండడంతో ఇంటివారికి రెండు దినాల వరకు కబురు అందలేదు. ఆయన కార్యాలయం నాలుగు లక్షల డాలర్లకు పైబడిన అప్పులలో ఉన్నది. కుటుంబ విషయాలలోనూ ఆయన నడవడి ఆదర్శప్రాయమని చెప్పలేము. ఆయనను దేవునిగా చేయడం మా ఉద్దేశం కాదు.

ఆయన తరువాత అహమ్మదాబాదు పనిని అనంత రాజే కొనసాగించారు. కాని కట్టడం కట్టినంత సులువు కాదు దానిని కాపాడుకోవడం. 2001 భూకంపం గోడలను దెబ్బతీసింది. ఇటుకలు పెళుసుబారాయి, లోపలి ఇనుము త్రుప్పుపట్టింది, కప్పులు కారాయి. గ్రంథాలయాన్ని చక్కగా పునరుద్ధరించినందుకు 2019లో యునెస్కో పురస్కారం లభించగా, మరుసటి ఏడాదే, 2020 డిసెంబరులో, పదునెనిమిది డార్మిటరీలలో పదునాలుగింటిని తొలగించి కొత్తవి కట్టాలని సంస్థ ప్రకటించింది. దేశదేశాల శిల్పులు, పూర్వ విద్యార్థులు గగ్గోలు పెట్టగా 2021 జనవరి 1న ఆ ప్రకటన ఉపసంహరింపబడినది. 2022లో పునరుద్ధరణ మార్గం విడిచి కొన్ని భవనాలను మరల కట్టాలనే నిర్ణయం వెలువడినప్పుడు వివాదం మళ్ళీ రగిలింది. విద్యార్థుల తల మీద పెళ్ళలు రాలుతాయని భయపడిన పాలకుల మాటనూ మేము తేలికగా తీసివేయము. అయితే ఆ పెళ్ళలు రాలడానికి ముందు ఎన్ని వర్షాకాలాలు గడిచాయో, ఏటేటా కప్పు మీదికి ఎక్కి చూచినవారు ఎందరో అని అడుగకుండా ఉండలేకపోతున్నాము.

మన వసతిగృహపు ప్లాను కమిటీ బల్ల మీదికి వచ్చిన రోజున, పడమటి వైపు గదులున్నాయా, మెట్లున్నాయా అని ఒక్కసారి చూడవలసిందిగా పెద్దలను కోరుతున్నాము. మరమ్మతుల పద్దు క్రింద ఏటేటా ఎంత కేటాయిస్తారో కూడా ఆనాడే వ్రాసి ఉంచితే, పై అంతస్తులో ఉండబోయే పిల్లలు సంతోషిస్తారు.