పావులూరి మల్లన – చదరంగపు లెక్క

తెలుగున తొలి గణితగ్రంథకర్తగా పేరొందినవాడు పావులూరి మల్లన. పిఠాపురం సమీపాన నవఖండవాడ గ్రామాన్ని రాజరాజనరేంద్రుని వలన దానంగా పొందినది ఈయనే అని కొందరు విద్వాంసులు, ఇదే పేరుగల ఈయన తాత అని మరికొందరు వాదించారు. ఏ వాదం నిలిచినా, తెలుగు కావ్యభాష ఇంకా పసిప్రాయం దాటని కాలమది.

తొమ్మిదవ శతాబ్దపు జైన పండితుడు మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. శైవుడు గనుక జైనపరమైన ఉదాహరణల స్థానే శివపరమైనవి కూర్చాడు.

ఆయన పేర ప్రసిద్ధమైన చంపకమాల ఒకటి ఉన్నది. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు చొప్పున రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తమెంత? ఏ గడిలోని గింజలైనా వెనుకటి గళ్ళన్నిటి మొత్తం కన్న ఒకటే ఎక్కువ. కనుక లేని 65వ గడిని ఊహించి, దానినుండి ఒకటి తీసివేస్తే చాలును: 18446744073709551615. ఈ ఇరవై అంకెలూ పద్యంలో మాటలుగా ఒదిగాయి. శరమనగా 5, చంద్రుడనగా 1, గగనమనగా 0. వరుస ఒకట్ల స్థానం నుండి మొదలై, మన ఉర్దూ లిపి వలె, కుడినుండి ఎడమకు నడుస్తుంది. తాటాకుపై అంకె జారితే పట్టుకొనువారుండరు. పద్యంలో మాట జారితే ఛందస్సే పట్టిస్తుంది.

ఈ సంఖ్యకు 3, 5, 17, 257, 641, 65537, 6700417 ప్రధాన కారణాంకాలు. 641 సంగతి ఆయిలర్ 1732లో తేల్చాడు.

973లో జన్మించిన అల్‌బెరూనీ సైతం తన అరబ్బీ గ్రంథంలో ఈ మొత్తాన్నే లెక్కగట్టాడు. ఇద్దరి లెక్కలకూ ఒక్క అంకె తేడా లేదు.