రక్తంలో భాస్వరాన్ని లెక్కగట్టిన యల్లాప్రగడ

మూత్రపిండాలు పనిచేయడం మానితే రక్తంలో భాస్వరం పేరుకుంటుంది. ఎముకలు బలహీనమవుతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి. ఆ భాస్వరాన్ని కొలిచేందుకు దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలు అనుసరించిన విధానం పేరులో ఒక తెలుగువాడున్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడుసార్లు పరీక్ష రాయవలసి వచ్చింది. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించడం శస్త్రచికిత్స ఆచార్యునికి నచ్చలేదు. చివరకు ఎంబీబీఎస్‌కు బదులు అంతకంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టాయే దక్కింది. సోదరులను సంగ్రహణి వ్యాధి బలిగొన్న దుఃఖం ఆయనను పరిశోధన వైపు మళ్లించింది. మామగారి ఆర్థిక సాయంతో అమెరికా చేరి, ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదువు సాగించారు.

అక్కడ ఆయన అడుగుపెట్టిన జీవరసాయన విభాగానికి అధిపతి ఆటో ఫోలిన్. మూత్రపిండాల పనితీరుకు నేటికీ కొలమానమైన క్రియాటినిన్‌ను రంగు గాఢతతో లెక్కించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినది ఆయనే. 1827లో లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ రోగి మూత్రాన్ని వేడిచేసి, గడ్డకట్టే ఆల్బుమిన్‌ను బట్టి మూత్రపిండాల వ్యాధిని గుర్తించారు. ఉందా లేదా అన్న ఆ ప్రశ్న ఫోలిన్ తరంలో ఎంత ఉందన్న ప్రశ్నగా మారింది.

సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు 1925లో ప్రకటించిన పద్ధతి ఈ కోవలోనిదే. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటుకు మాలిబ్డేటును కలిపి, క్షయకరణ పదార్థం వేస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. అయితే కండరాల సారంతో చేసినప్పుడు రంగు రావలసినంత వేగంగా రాలేదు. మరొకరైతే దాన్ని పరీక్షలోని లోపమని పక్కనపెట్టేవారేమో! వీరు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో జీవకణాల శక్తి వాహకమైన ఏటీపీ వెలుగుచూసింది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఆచార్య పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించి, సంగ్రహణి రోగుల రక్తహీనతకు మందు చూపింది. తోబుట్టువులకు మాత్రం అది పాతికేళ్లు ఆలస్యమైంది. బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ యాంటీబయోటిక్ కూడా ఆయన నేతృత్వంలోనే వచ్చాయి.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి, 53 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. అమెరికా వెళ్లిన తరువాత ఆయన స్వదేశానికి తిరిగి రాలేదు. భార్య శేషగిరిని మళ్లీ చూడనూ లేదు.