చలిని పనిలో పెట్టిన బర్డ్స్‌ఐ

క్లారెన్స్ బర్డ్స్‌ఐ 1886 డిసెంబరు 9న అమెరికాలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు. మేము కూడా పీజీలో చేరాకే విన్నాం. ఆయన ఆంహెర్స్ట్ కళాశాలలో చదువుతూ, డబ్బు చాలక మధ్యలోనే మానేశారు. తండ్రి న్యాయవాది, కాబట్టి మనలాంటి కూలి కుటుంబమేమీ కాదు. అయినా ఫీజు దగ్గర చదువు ఆగిపోవడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కొంతకాలం ప్రభుత్వ జీవ సర్వే శాఖలో పనిచేసి, 1912లో బొచ్చు తోళ్ళ వ్యాపారం కోసం ఇప్పటి కెనడా తూర్పు తీరాన ఉన్న లాబ్రడార్ వెళ్ళారు. ఆయన అసలు చదువు అక్కడే సాగిందని మా అభిప్రాయం. మైనస్ 40 డిగ్రీల చలిలో ఇన్యూట్ జనం మంచుకు కన్నం చేసి చేపలు పట్టేవారు. పైకి తీసిన చేప గాలి తగలగానే కొయ్యలా బిగుసుకుపోయేది. నెలల తర్వాత వండినా తాజా చేపలాగే ఉండేది. పట్నంలో అమ్మే గడ్డకట్టిన చేప మాత్రం కరిగితే పీచుపీచుగా, నీళ్ళు కారుతూ ఉండేది. ఎందుకీ తేడా?

నెమ్మదిగా గడ్డకడితే కండలోని నీరు పెద్దపెద్ద మంచు స్ఫటికాలుగా మారి కణాల పొరలను చీల్చేస్తుంది. వేగంగా గడ్డకడితే స్ఫటికాలు సన్నగా ఉంటాయి, కణాలు చెక్కుచెదరవు. ఇన్యూట్‌లకు ఇది తరతరాల అనుభవం. పేటెంటు మీద మాత్రం వాళ్ళ పేరు లేదు. ఈ మాట రాయకుండా ఆయన్ను పొగడడం మాకు ఇష్టం లేదు.

తిరిగొచ్చాక ఒక ఫ్యాను, ఉప్పునీళ్ళ బకెట్లు, ఐసు దిమ్మెలతో ప్రయోగాలు చేశారు. పెట్టుబడి 7 డాలర్లని చెబుతారు. 1923లో పెట్టిన చేపల కంపెనీ దివాలా తీసింది. ఆ తర్వాత గ్లౌసెస్టర్ రేవులో మళ్ళీ మొదలుపెట్టారు. ఆహారాన్ని పలుచని పెట్టెల్లో సర్ది, బాగా చల్లబరిచిన రెండు లోహపు పలకల మధ్య నొక్కి ఉంచడమే ఆయన ఉపాయం. రెండువైపులా చలి తగిలితే లోపలిదాకా త్వరగా గడ్డకడుతుంది. 1929లో ఆ వ్యాపారం 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 1930 మార్చి 6న స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో 18 దుకాణాల్లో ఆ సరుకు మొదటిసారి అమ్మకానికి పెట్టారు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చలి సూక్ష్మక్రిములన్నిటినీ చంపదు, పెరగకుండా ఆపుతుందంతే. అందుకే మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలవ చేస్తారు. కరిగి గంటల తరబడి బయట ఉన్నదాన్ని మళ్ళీ గడ్డకట్టిస్తే బాగుపడదు. కూరగాయలనైతే ముందు మరిగే నీళ్ళలో కాసేపు ముంచి తీస్తారు. లేకపోతే వాటిలోని ఎంజైములు చలిలో కూడా రంగు, రుచి పాడుచేస్తాయి.

భీమవరం, విశాఖ వైపు నుంచి విదేశాలకు పోయే రొయ్యలను వేగంగా గడ్డకట్టించే పంపుతారు. ఆ షెడ్లలో చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి రొయ్య ఒలిచే తల్లులు మన హాస్టల్ పిల్లలకూ ఉన్నారు.

బర్డ్స్‌ఐ 1956 అక్టోబరు 7న న్యూయార్క్‌లో మరణించారు. ఆయన చితాభస్మాన్ని గ్లౌసెస్టర్ సముద్రంలో కలిపారు.