మసి తుడిచిన చేతులు: సైకిలు వీరుడు మోరిస్ గారిన్

తిరువళ్లూరు స్టేషను దగ్గర సైకిలు నిలిపి పట్నం రైలెక్కే మనవారికి సైకిలు బ్రతుకుతెరువుకు తోడు. ఆ సైకిలునే బ్రతుకుతెరువుగా చేసుకొని లోకప్రసిద్ధుడైన ఒక వలసబిడ్డ చరిత్రను ఈ ఉగాదినాడు సోదర సోదరీమణులకు విన్నవించుకొంటున్నాము.

మోరిస్ గారిన్ 1871లో ఇటలీ దేశంలోని ఆల్ప్స్ కొండలలో ఆర్వియే అనే ఊళ్లో పుట్టినాడు. అతని కుటుంబం పొట్ట చేతబట్టుకొని ఫ్రాన్సుకు వలసపోయింది. అక్కడ గారిన్ ఇండ్ల పొగగొట్టాలలో మసి తుడిచే కూలి అయినాడు. మనిషి పొట్టి, దమ్ము గట్టి. సైకిలు పందేలలో దిగి 1897, 1898లలో పారిస్–రూబే పందెం, 1901లో 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెం గెలిచినాడు.

1903లో లోటో అనే పారిస్ పత్రిక, పోటీ పత్రికను మించి అమ్ముడుపోవాలని, దేశాన్ని చుట్టివచ్చే టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టింది. మొత్తం 2,428 కిలోమీటర్లు, ఆరు విడతలు. మొదటి విడతే 467 కిలోమీటర్లు. మన తిరువళ్లూరు నుండి తిరుత్తణికి ఆరుసార్లు పోయి వచ్చినంత దూరం! గారిన్ రాత్రీ పగలూ త్రొక్కి 18 గంటల లోపే దానిని ముగించినాడు. పంక్చరైతే ఎవరిది వారే బాగుచేసుకోవాలి. బయలుదేరినవారు 60 మంది, తుదకు చేరినవారు 21 మంది. గారిన్ రెండవవానికంటె దాదాపు మూడు గంటలు ముందు నిలిచినాడు.

ఈ పందేనికి టిక్కెట్టు లేదు. పల్లెవాసులు తమ ఊరి బాటప్రక్కనే నిలబడి వీరులను చూచినారు, మిగిలిన కథకు మరునాటి పత్రిక కొన్నారు. దాని ఆకర్షణ అంతా ఇదే.

1904లోను గారిన్ మొదట వచ్చినాడు. కాని పందెగాండ్రు కొందరు మోటారు బండ్లలోను, రైళ్లలోను సాగినారన్న అభియోగాలు లేచినవి. డిసెంబరులో ఫ్రెంచి సైకిలు సంఘంవారు విచారించి మొదటి నలుగురినీ కొట్టివేసినారు. అయిదవవాడైన హెన్రీ కోర్నే, ఇరువది యేండ్లు నిండని కుర్రవాడు, విజేత అయినాడు. గారిన్‌కు రెండేండ్లు నిషేధం.

రైల్వే గుమాస్తాలమైన మేము ఇక్కడ కొంచెం ఆగుతాము. టిక్కెట్టు లేని ప్రయాణికుడు జరిమానా కడితే బాకీ తీరుతుంది. పోయిన పేరు మాత్రం ఏ కిటికీ దగ్గరా దొరకదు. 1903 నాటి గెలుపు చెక్కుచెదరకపోయినా, గారిన్ పేరు చెప్పగానే జనం రైలు సంగతి కూడా తలచుకొంటారు.

తరువాత అతడు లాన్స్ పట్టణంలో మోటారు గ్యారేజీ నడుపుకొని, 1957లో అక్కడే కన్నుమూసినాడు.

పరాయిచోట మనకు మొదట అన్నం పెట్టేది చేతిపని, నిలబెట్టేది మంచిపేరు. మన పిల్లలు గారిన్ దమ్మునూ నేర్వాలి, అతనికి తగిలిన దెబ్బనూ మరువరాదు. ఉగాది పచ్చడిలో తీపితోపాటు చేదునూ పెద్దలు ఊరకే కలపలేదు గదా!